రుద్రసేనుడి పరుగు

పనసపొట్టు కొడుతున్నాను. చేతులకు నూనె, కత్తికి నూనె, కింద పరిచిన పాత పేపరు మీద తెల్లటి జిగురు. ఆదివారం కదా, ఆవపెట్టిన పొట్టు కూర ఉండాలని మా అత్తగారు వరహాలక్ష్మి గారి మాట. అంతలో హాల్లోంచి మా ఆయన గొంతు.

"ఉమా, ఒక్కసారి వచ్చి టైపు చేసి వెళ్ళు. నా వంతు వచ్చింది."

వంతు ఎప్పుడూ ఆయనది. టైపు ఎప్పుడూ నాది. మణిశంకర్ గారు కాలేజీలో లెక్చరర్; కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడం ఆయనకు నామర్దా. చేతులు కడుక్కుని, జిగురు వదలని వేళ్ళతోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

అది ఇంటర్నెట్‌లో ఆడే ఆట. రాజమండ్రిలో మేము, బెంగళూరులో ఆయన పిన్ని కొడుకు శరత్‌చంద్ర, విశాఖలో ఎం.ఏ. చదువుతున్న శ్రీసుధ. బొమ్మలుండవు, మాటలే ఉంటాయి. ఒక్కొక్కరికీ ఒక్కో వీరుడు. తన వీరుడు ఏం చేస్తాడో ఎవరికి వారు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాస్తారు. దెబ్బ తగిలిందో లేదో సైటులోని పాచిక చెబుతుంది. ఆ దెబ్బ న్యాయమో కాదో తీర్పరి చెప్పాలి. ఆ తీర్పరిని నేను.

కోరుకున్న పదవి కాదు. నిబంధనల పుస్తకం దిండంత లావు. "యుద్ధాలు మేం చేస్తాం వదినా, పేజీలు తిప్పే చిల్లర పని మీరు చూద్దురూ" అన్నాడు శరత్. కుక్కరు కూతల మధ్య చదివాను, ఆరిన బట్టలు మడతపెడుతూ చదివాను. నిద్రపోయేవాడికి డాలు అడ్డొస్తుందా? గోడ మూల నుంచి విసిరిన ఈటె తగులుతుందా? వాళ్ళు అడిగేవారు, నేను చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా ఒక సంగతి తెలిసింది. ఈ ఇంట్లో నేను నోరు తెరిస్తే టీవీ శబ్దం పెరుగుతుంది. అక్కడ నేను నోరు తెరిచేదాకా రాక్షసుడైనా ఎత్తిన కత్తి దించడు.

ఆ రోజు ఆయన వీరుడు రుద్రసేనుడు రాక్షసుడి ఈటెకు అందేంత దగ్గరలో ఉన్నాడు. నియమం తేలికైనదే. శత్రువును చూస్తూ ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తే అతను కొట్టలేడు. కానీ ఆ వంతులో నువ్వూ మరే పనీ చేయలేవు. వీపు చూపి పరుగెత్తితే ఎక్కడికైనా పోవచ్చు. కానీ పోయేముందు అతనికి ఒక దెబ్బ దక్కుతుంది.

"రుద్రసేనుడు పరుగెత్తి వెళ్ళి గుహ ద్వారం మూస్తాడు" అన్నారాయన.

"పరుగెత్తి అనే రాయమంటారా అండీ?"

"చెప్పింది రాయి. నాకు పాఠాలు చెప్పకు."

రాశాను. పాచిక పడింది. ఈటె వీపులో దిగి రొమ్ములోంచి వచ్చింది. ఏడాదిగా పెంచుకున్న వీరుడు నేల మీద పడి ఉన్నాడు. తీర్పు ఒక్కటే మిగిలింది.

ఆయన నన్ను లేవమన్నారు. మొదటిసారి తానే కూర్చుని, అక్షరం అక్షరం పొడుస్తూ, అందరూ చదివేచోట ఇలా రాశారు: "నేను వెనకడుగు అనే చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి హడావిడిగా వచ్చి తప్పు టైపు చేసింది. సరిచేయగలరు."

శరత్ వెంటనే అందుకున్నాడు: "వదినా, కూరలో ఉప్పు కూడా ఇంతేనా? పాపం అన్నయ్య!" పక్కన నవ్వే బొమ్మలు, వరసగా.

శ్రీసుధ మాత్రం నవ్వలేదు. "పోయిన నెల ఆటలో నా వైద్యురాలు ఇలాగే పరుగెత్తి చచ్చిపోయిందండీ. అప్పుడు రూల్ అంటే రూలేనమ్మా అన్నది మణిశంకర్ గారే. తీర్పు మీది."

ఆయన కుర్చీ నాకు వదిలి వెనక నిలబడ్డారు. "నా టైపింగ్ పొరపాటు అని ఒక్క ముక్క రాసెయ్. నీదేం పోయింది?"

పూజగది గుమ్మంలోంచి అత్తగారు అడిగారు. "ఏంట్రా గొడవ?"

"నీ కోడలు నన్ను చంపబోతోందమ్మా, ఆటలో."

"అయ్యో రామ! ఆటైనా పాటైనా, పెనిమిటి పోయాడని పెళ్ళాం చేత్తో రాస్తుందిటే? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఆ చేతులకు గాజులు వద్దా నీకు?"

రాయబోయిన చెయ్యి మెళ్ళో సూత్రాల మీదికి పోయింది. బీఎస్సీ చదివినదాన్ని, అయినా పోయింది. భయం చదువుకన్నా ముందు నేర్చుకున్న పాఠం. పొరపాటు నాదే అంటే సరిపోతుంది. ఆ మాట నాకు కొత్తా? పాలు పొంగితే పొరపాటు నాదే, స్కూటర్ తాళం కనబడకపోతే పొరపాటు నాదే, ఆయనకు కాలేజీలో ఎవరి మీదో వచ్చిన కోపం ఇంటిదాకా వస్తే పొరపాటు నాదే. అనడానికి శ్రమ లేదు. అన్నాక ఇల్లు నెమ్మదిస్తుంది, అన్నం వడ్డన సాగుతుంది. కానీ ఇక్కడ అంటే? ఈ ఒక్కచోట నా మాటకు బరువుంది. ఆ బరువు ఆయన ఇచ్చింది కాదు, శరత్ ఇచ్చింది కాదు. ఎవరి వీరుడో చూడకుండా తీర్పు చెబుతూ వచ్చాను గనుక, అది నాకు నేనుగా సంపాదించుకున్నది. ఇవాళ అబద్ధం రాస్తే, తన వైద్యురాలి కోసం ఏడ్చి కూడా నా తీర్పుకు తల వంచిన ఆ విశాఖ పిల్లకు రేపు ఏ ముఖంతో నియమం చెప్పను? ఎవరు మాత్రం నన్ను అడుగుతారు? నన్ను అడిగే ఒక్క చోటూ మూసుకుపోతే, ఇక నేను మాట్లాడేది గోడలతోనే.

"ఆలోచనేంటి? రాయి" అన్నారాయన. కుర్చీ అంచు మీద ఆయన చేతులు బిగిశాయి.

రాశాను. "రుద్రసేనుడు పరుగెత్తాడు. దెబ్బ న్యాయమైనదే. అతను మరణించాడు. చెప్పినది చెప్పినట్టే టైపు చేశాను. ఒక్క అక్షరమూ తప్పు పోలేదు."

"పంపకు, ఉమా."

పంపాను.

బెంగళూరు నుంచి నవ్వే బొమ్మలు రాలేదు. పూజగది గుమ్మంలో అత్తగారు చెంపలు వేసుకున్నారు. ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని నా పక్కన చతికిలబడ్డారు.

"సరే, చంపేశావుగా! ఇక కొత్తవాణ్ణి తయారు చెయ్యాలి. నేను చెబుతాను, నువ్వు రాయి."

కుర్చీలోంచి లేచాను.

"నేను తీర్పరినండీ. ఆడేవాళ్ళ తరఫున రాయకూడదు. కుర్చీ ఖాళీగా ఉంది, మీరే కూర్చుని రాసుకోండి."