జుమ్మా వేళ వెళ్లిన మెయిల్

ఏడో రొట్టె పెనం మీద ఉండగా ఫోన్ మోగింది. నా రెండు చేతులకూ జొన్నపిండి. మా ఆడబిడ్డ మహీన్ ఫోన్ ఎత్తి నా చెవికి ఆనించింది.

“షాజియా గారా? నేను మనీషాని. ఇంటర్వ్యూ వద్దనుకుంటున్నట్లు మెయిల్ పెట్టారు కదా, ఒకసారి మీ నోటితో విందామని చేశాను.”

“నేను ఏ మెయిలూ పెట్టలేదు మేడమ్.”

అవతల కాగితాలు కదిలిన చప్పుడు.

“నిన్న మధ్యాహ్నం ఒకటీ నలభై రెండుకు వచ్చింది. మీ మెయిల్ నుంచే. ‘గౌరవనీయులైన సార్, కుటుంబ బాధ్యతల వల్ల ఈ ఉద్యోగం చేయలేను’ అని ఉంది. మనం రెండుసార్లు మాట్లాడుకున్నాం, నన్ను సార్ అనడమేమిటని అనుమానమొచ్చింది. వినండి, సాయంత్రం ఆరులోపు మీరు వస్తున్నట్లు రాసి పంపండి. ఆరు దాటితే సోమవారం మీ సమయాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

ఫోన్ పెట్టేసేసరికి రొట్టె నల్లబడింది.

“మాడు వాసనొస్తుంది. మనసు యాడ పెట్టినవ్ బహూ?” ముందు గదిలోంచి మా అత్త జహీరున్నీసా అరిచింది.

మనసు ఒకటీ నలభై రెండు దగ్గర పెట్టాను. ఉద్యోగం కోసం ఎనిమిది నెలల్లో నలభై చోట్లకు దరఖాస్తు పెట్టాను. పిలిచింది హైదరాబాదులోని ఈ ఒక్క చిన్న కంపెనీ. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసే పని. దూరవిద్యలో ఎంసీఏ చదువుతున్నాను, పరీక్షలకు మాత్రం గద్వాల నుంచి వనపర్తి పోవాలి. ఇంటిపని అయ్యాక చదువు, చదువు అయ్యాక సొంతంగా ఏదో ఒక ప్రోగ్రాము. అందులో ఒకటి మా ఆయన తౌసీఫ్ షాపు కోసం రాశాను. పాత బస్టాండు దగ్గర అతనికి జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. మనిషి వివరాలు ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఎన్ని దరఖాస్తులున్నా అన్నింట్లోనూ వాటంతట అవే పడతాయి, పని కాగానే వాళ్ల ఫోనుకు కబురు పోతుంది. మూడేళ్లుగా ఆ షాపు దాని మీదే నడుస్తోంది. “మా షాపుకు సొంత సాఫ్ట్‌వేర్ ఉంది” అని తౌసీఫ్ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఎవరు రాశారో చెప్పడు. ఎవరూ అడగరు కూడా.

చేతులు కడుక్కుని లాప్‌టాప్ తెరిచాను. పంపినవాటిలో ఉంది ఆ మెయిల్, నా పేరుతో, నా సంతకంతో. నా మెయిల్ ఏయే యంత్రాల్లో తెరిచి ఉందో చూశాను. రెండే. నా ఫోను, ఈ లాప్‌టాప్. నిన్న ఒకటీ నలభై రెండుకు నేను వనపర్తిలో పరీక్ష రాస్తున్నాను, ఫోను ఆపేసి బ్యాగులో పెట్టి హాలు బయట వదిలాను. మిగిలింది లాప్‌టాప్. అది ఇల్లు దాటదు. దాని బ్యాటరీ చచ్చిపోయి ఏడాదైంది, గోడకు ప్లగ్గు పెడితేనే వెలుగుతుంది.

నిన్న శుక్రవారం. ఆ వేళకు తౌసీఫ్ జుమ్మా నమాజులో ఉంటాడు. షాపు షట్టరు దించి అటే మసీదుకు పోతాడు, వీధి వీధంతా చూస్తుంది. అంటే ఇంట్లో ఉన్నది అత్తా, మహీనే.

పాస్‌వర్డ్ మార్చి, వస్తున్నానని మెయిల్ పంపేస్తే పది నిమిషాల పని. కానీ సోమవారం ఇంటర్వ్యూ ఈ ఇంట్లోనే, ఈ లాప్‌టాప్‌లోనే. మూడు గంటలు, వాళ్లు చూస్తుండగా ప్రోగ్రాము రాయాలి. నా పేరుతో మెయిల్ పంపిన చేతికి ప్లగ్గు పీకడం ఎంతసేపు? ఎవరికి భయపడాలో తెలియకుండా ఆ కుర్చీలో ఎట్లా కూర్చోను? ప్రోగ్రాము నిన్న నడిచి ఇవాళ ఆగిపోతే, మధ్యలో ఎవరు ముట్టుకున్నారో వెతకాలి. అదే పని చేశాను.

అత్తకు కారణం ఉంది. “కోడలు నౌకరీ జేస్తే నాకు చాయ్ ఎవరు పోస్తరు?” అని చుట్టాల ముందు నవ్వుతూ అంటుంది. నవ్వు ఉన్నంతమాత్రాన మాట మాట కాకపోదు. మనీషా మొదటిసారి ఫోన్ చేసినప్పుడు తలుపు పక్కనే నిలబడి విన్నది. పెట్టేయగానే, “గంటసేపు మాట్లాడింది ఎవరు? ఆడమనిషా, మొగోడా?” అని అడిగింది. “ఆడమనిషే అమ్మీ” అని చెప్పాను. అవమానంతో చెవులు కాలిపోయాయి. మహీన్‌కు ఇంకా పెద్ద కారణం. డిగ్రీ రెండో ఏడు, ఇంగ్లిష్ వచ్చు, ఈ లాప్‌టాప్‌లోనే నోట్స్ రాసుకుంటుంది. నాకు ఉద్యోగం వస్తే ఈ పొయ్యి తన మీద పడుతుందని తెలుసు. “భాభీ, నీ మూడు గంటలు నాకు మూడు పూటల వంట” అని మొన్ననే అన్నది.

తౌసీఫ్‌ను ఆ లెక్కలోకే తీసుకోలేదు. నా చదువు గురించి, ఉద్యోగం గురించి, ఎవరితో మాట్లాడానన్న దాని గురించి అతను ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు. వనపర్తిలో నాతో పరీక్ష రాసే అమూల్య, “మా ఇంట్ల ప్రతిదానికీ సంజాయిషీ ఇయ్యాలె” అని ఏడిస్తే, “మా ఆయన ఏమీ అడగడు” అని గర్వంగా చెప్పుకున్నాను కూడా.

ముందు గదికి పోయాను. అత్త చింతపండు గింజలు తీస్తోంది. మహీన్ గోరింటాకు కోన్ ఒత్తుకుంటోంది.

“నిన్న నేను లేనప్పుడు లాప్‌టాప్ ఎవరు పట్టుకున్నరు?”

“నాకు గా డబ్బా తెరువనే రాదు” అన్నది అత్త, తల ఎత్తకుండా.

“మహీన్?”

“నేను పట్టుకోలె భాభీ.”

“నా మెయిల్ నుంచి ఎవరో నా ఉద్యోగం వద్దని రాసిండ్రు. నిన్న జుమ్మా టైముకు. ఇంట్ల మీరిద్దరే ఉన్నరు.”

కోన్ కింద పడింది. “నా మీద డౌటా నీకు? వంట సంగతి నవ్వులాటకన్నది మనసుల పెట్టుకున్నవా?”

“ఇంగ్లిష్‌ల రాసిండ్రు. అమ్మీకి రాదు గదా.”

“అయితే నేనేనా దొంగను?” మహీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “నిన్న పదకొండు నుంచి మూడింటి దాంక కరెంటే లేదు. లైను బాగు చేస్తున్నరని మన గల్లీ అంత బంద్. మిక్సీ తిరగక అమ్మీ రోట్లె నూరింది. గా లాప్‌టాప్ నేను నోటితో ఊది వెలిగించిన్నా?”

కరెంటు లేకపోతే ఆ లాప్‌టాప్ వట్టి పలక. అయినా మెయిల్ వెళ్లింది.

“గా రాసిన మెయిల్‌ల ఏముంది? చదువు” అన్నది అత్త.

తెలుగులో చెప్పాను. గౌరవనీయులైన సార్, కుటుంబ బాధ్యతల వల్ల...

“సారా?” చింతపండు పక్కన పెట్టింది. “గామె ఆడమనిషి అంటివి గదా? నేను అడిగితి, నువ్వు చెప్తివి. మహీన్ కూడ విన్నది. మేము రాస్తే సారని ఎందుకు రాస్తం?”

అన్నాక, ఆ మాట ఎక్కడికి పోతుందో ఆమెకు తెలిసింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. కంపెనీ మెయిళ్లు కంపెనీ పేరుతోనే వస్తాయి, వాటిలో మనిషి పేరు ఉండదు. ఇంట్లో మనీషా ఆడమనిషని తెలియనివాడు ఒక్కడే ఉన్నాడు. ఎప్పుడూ అడగనివాడు.

గురువారం సాయంత్రం గుర్తొచ్చింది. నేను మర్నాటి ప్రయాణానికి సర్దుకుంటుంటే తౌసీఫ్ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. “షాపుది ఒక ఫారం మిగిలింది” అన్నాడు. రాసి పెట్టి, రేపు ఫలానా నిమిషానికి దానంతట అదే పోయేట్టు మెయిల్‌కు సమయం పెట్టడం ఈ ఇంట్లో ఇద్దరికే వచ్చు. నాకు, నేను నేర్పిన అతనికి. పొద్దున పదింటికి ఆఫీసు తెరవగానే తన గిరాకీల మెయిల్ ముందుండాలని నేర్పించుకున్నాడు. అట్లా సమయం పెట్టాక ఇంట్లో కరెంటు ఉన్నా, పోయినా మెయిల్ ఆగదు. జుమ్మా వేళే ఎందుకంటే, ఆ గంటలో అతను పదిమంది మధ్య తలవంచి ఉంటాడు కాబట్టి. మగవాళ్లు లేని గంటలో ఇంట్లో ఏం జరిగినా అది ఆడవాళ్ల పనే అవుతుంది. ఒక కోడలు, ఒక అత్త, ఒక ఆడబిడ్డ. నిప్పు పెట్టనక్కర్లేదు, వాటంతట అవే రాజుకుంటాయని లోకమంతా నమ్మే కట్టెలు. నేనూ నమ్మాను. గంటలో ఇద్దరి మీదా నింద వేశాను. అడగకపోవడాన్ని నమ్మకం అనుకున్నాను. అడిగిన ఆమెను దొంగ అనుకున్నాను. లాప్‌టాప్ పక్కన గురువారం చాయ్ కప్పు పెట్టి వచ్చింది కూడా నేనే. తాగుతూ రాసి ఉంటాడు.

అయినా ఇంకా రుజువు కాదు. మెయిల్ పాస్‌వర్డ్ మార్చాను. లాప్‌టాప్‌లో తెరిచి ఉన్న మెయిల్ మూసేశాను. అత్త చూస్తూ ఉంది.

రెండున్నరకు తౌసీఫ్ తిండికి వచ్చాడు. రొట్టె మాడిందన్నాడు, పప్పు బాగుందన్నాడు. చేయి కడుక్కుని, “షాపు పని జర ఉంది” అంటూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను గిన్నెలు తోముతూ లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చాను.

“షాజియా, నీ మెయిల్ మూసుకుపోయిందేంది? పాస్‌వర్డ్ అడుగుతుంది.”

గిన్నె పక్కన పెట్టి వచ్చాను. “నా మెయిల్‌ల నీ షాపు పని ఏముంది?”

అతను నోరు తెరిచేలోపే అత్త వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. “నిన్న జుమ్మాల నిలబడి ఏం దువా చేసినవ్ రా? ఇంట్ల ఆడోళ్లు ముగ్గురు జుట్లు పట్టుకోవాలెననా?”

“అమ్మీ, నీకు తెల్వదు, నువ్వు ఊకో...”

“నాకు తెల్వదు. ఈమె నౌకరీ జేస్తదో చెయ్యదో, అది నాకు ఒద్దు. చేస్తే నాకు కష్టమే. కానీ నా నెత్తిన పెట్టనీకి నీకు నేనే దొరికిన్నా? కన్నతల్లిని!”

మహీన్ గుమ్మంలో నిలబడి అన్నను చూస్తోంది. తౌసీఫ్ నా వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం నాకు బాగా తెలుసు, నేనెప్పుడూ కరిగేది దానికే.

“నీ మంచికే చేసిన. ఇల్లు, పరీక్షలు, షాపు, ఇంక మీద నౌకరీ. ఎంతకని చేస్తవ్? పరేషాన్ అయితవని...”

“ఒకటి తగ్గియ్యాలనుకుంటే షాపు తగ్గియ్యచ్చు గదా.”

“షాపెట్ల?” అన్నాడు వెంటనే. “గా సాఫ్ట్‌వేర్ ఆగిపోతే ఎవరు చూస్తరు? గట్టు మండలం నుంచి పొద్దుగాల బస్సుకొచ్చి నిలబడ్తరు జనం. నీకు టైము లేదంటే నేనేం చెప్పాలె వాళ్లకు?”

అన్నాడు కానీ, తను ఏమన్నాడో అతనికే వినబడినట్టుంది.

“లేవు” అన్నాను. లేచాడు.

కుర్చీలో కూర్చుని మనీషాకు రాశాను. నిన్నటి మెయిల్ నాది కాదు, సోమవారం వస్తున్నాను. ఇంటర్వ్యూకు ముందు కంపెనీకి పంపాల్సిన ఫారం తీసి చూశాను. పని అనుభవం అన్న గడిలో నెల క్రితం ‘లేదు’ అని నా చేత్తోనే రాశాను. ఎవరూ బలవంతం చేయలేదు. జీతం లేనిదాన్ని పని అంటారని అప్పుడు తోచలేదు. దాన్ని చెరిపి ‘మూడేళ్లు’ అని రాశాను. ఏం చేశానో నాలుగు వాక్యాల్లో రాశాను. ఆ పని గురించి విచారించడానికి ఒకరి పేరు, నంబరు ఇవ్వమన్న గడిలో తౌసీఫ్ పేరు, నంబరు పెట్టాను. నాలుగూ యాభైకి పంపేశాను.

“సోమవారంలోపల నీకు ఫోన్ వస్తది” అన్నాను.

“ఎవరి నుంచి?”

“కంపెనీ నుంచి. మీ షాపు నడిపే ప్రోగ్రాము ఎవరు రాసిండ్రని అడుగుతరు. నిజం చెప్తవో, మూడేండ్లుగ చెప్తున్నదే చెప్తవో నీ ఇష్టం. నిజం కాకుంటే ఆ రోజు నుంచి షాపు నువ్వొక్కనివే చూస్కో.”

తల్లి వైపు చూశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, “ఫోన్ల నాకు వినబడేటట్టు చెప్పు” అన్నది.

తౌసీఫ్ లాప్‌టాప్ వైపు చూసి అన్నాడు. “గసుంటోళ్లతోని మాట్లాడనీకి నాకు నోరు తిరగదు. ఏం చెప్పాలెనో రాసియ్యి జర. చూసి చదువుత.”

షాపు బోర్డు మీది అక్షరాలు, గిరాకీల అర్జీలు, బ్యాంకుకు ఉత్తరాలు, అన్నీ నేనే రాసిచ్చాను. మూడేళ్లలో నా సాయం లేకుండా అతను రాసింది ఒక్కటే మెయిల్. అది రాయగలిగినవాడు ఇదీ చెప్పగలడు.

నేను రాసివ్వలేదు.