దూది పెట్టని పరీక్ష

పాలెం బోరు నీళ్లలోనే కాదు, ఆ నీళ్లు తాగినవాళ్ల చెమటలో కూడా పాషాణం ఉందని శెట్టి నాగసుబ్బయ్య పెండ్లాం పుల్లమ్మ అన్నదట. గాజులమ్మే విశ్వాసమ్మ ఆ మాటను గాజుల గంపతోపాటు మోసుకొచ్చి పాలెంలో దించింది. ఏసుకుమార్ తల ఎత్తలేకపోయాడు. ఆ మాటకు విత్తనం వేసింది తనే.

ఎండాకాలంలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం రాగానే మొదట తన పాలేనికే వచ్చాడు. చర్చి మెట్ల మీద పెట్టె తెరిచాడు. సీసాలో బోరు నీళ్లు పోసి, ఆమ్లం, జింకు పొడి వేస్తే వాయువు లేస్తుంది. సీసా మూతిలోని కాగితానికి రంగు తిరిగితే పాషాణం, అంటే ఆర్సెనిక్, ఉన్నట్టు. అయితే కాగితానికి కింద సీసం (లెడ్) కలిపిన మందులో ముంచిన దూది పెట్టాలి. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గంధకపు వాయువును అది ఆపుతుంది. లేకుంటే ఆ వాయువు కూడా కాగితాన్ని మరక చేస్తుంది. దూది పొట్లం ఆలూరు ఆఫీసులోనే మరిచిపోయాడు.

"మనోడు డాక్టరు మాదిరి ఉండాడే!" అని మేనత్త వరమ్మ అందరి ముందూ మురిసిపోతుంటే, రేపొస్తానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ బోరుకు గుడ్డు కంపు ఉందని పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా కాగితం గోధుమరంగు తిరగగానే తాగకూడదన్న గుర్తుగా బోరుకు ఎర్రరంగు పూయించాడు.

అప్పటి నుంచి పాలెం ఆడవాళ్లు తాగే నీళ్లకు ఊళ్లోని శెట్టి ఇంటి ముందు బిందెలతో నిలబడుతున్నారు. పుల్లమ్మ అరుగు మీద నుంచి, చెంబు బిందెకు తగలకుండా ఎత్తి పోస్తుంది. సగం నీళ్లు మట్టిపాలు.

ఆనాడే నమూనాగా కర్నూలు ల్యాబుకు పంపిన నీళ్లలో ఆర్సెనిక్ లేదని ఇప్పుడు కబురొచ్చింది. ఏసుకుమార్ బోరు దగ్గరికి పోయి, ఈసారి దూది పెట్టి చూశాడు. దూది నల్లబడింది. కాగితం తెల్లగానే ఉంది. చుట్టూ జనం మూగారు.

"నీళ్లు బాగైనాయి అత్తా. వానలకు కడుక్కపోయినట్టుండాది," అన్నాడు.

"యాడి వానలప్పా?" అన్నాడు వరమ్మ మొగుడు దాసన్న. "మా చేన్లమీద పడకుండా నీ బోర్లోకే పడినాయా?"

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఏసుకుమార్ నల్లబడిన దూదిని బయటికి తీసి చూపించాడు.

"నీళ్లల్లో మొదట్నుంచీ ఏమీ లేదు మామా. దూది మరిచిపోయొచ్చినా. మీ ముందర చెప్పుకోల్యాక అట్లే చూసినా."

వరమ్మ చంకలోని ఖాళీ బిందె తీసి అతని కాళ్ల ముందు పెట్టింది.

"మాకెందుకు చెప్తాండావు? పుల్లమ్మ అరుగు కాడ చెప్పు, పద. బిందె నువ్వే ఎత్తుకో."