టీ బ్యాగుల పిన్నులు

ఆఫీసులో ఆమెను అందరూ టీ అక్క అనేవారు. నాలుగో అంతస్తులో ఓ మూల చిన్న వంటగది ఆమెది. రోజుకు రెండుసార్లు వేడినీళ్లు, పాలు, టీ బ్యాగులు సిద్ధం చేసిపెట్టాలి, కప్పులు కడగాలి. అందరూ తాగి పడేసిన బ్యాగుల్ని పిండి, మూతున్న డబ్బాలో వేసుకుని సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లేది. బాల్కనీలో ఆమెకు ఆరు గులాబీ కుండీలున్నాయి. వాడేసిన టీపొడి వాటికే.

"చెత్తను కూడా వదలవా అక్కా?" అని సూపర్‌వైజరు ఆటపట్టించేవాడు.

"నీకు చెత్త, నా మొక్కలకు భోజనం" అనేది.

పొడిని మట్టిలో కలిపే ముందు ప్రతి బ్యాగుకూ ఉన్న దారం, సన్నటి ఇనప పిన్ను పీకెయ్యాలి. రోజుకు యాభైకి తక్కువుండవు. అదొక్కటే విసుగు పని.

ఆ ఏడు ఆమె భర్తకు పక్షవాతం వచ్చింది. ముప్పై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి. మాట తొందరగానే దారిలో పడింది గానీ, కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఓ రబ్బరు బంతి ఇచ్చి, రోజుకు వందసార్లు పిసకమంది. రెండు రోజులు పిసికాడు. మూడోనాడు దాన్ని మంచం కిందకు దొర్లించేశాడు.

"ఈ వయసులో నన్ను బంతులాట ఆడుకోమంటావా?" అన్నాడు.

ఆమె బతిమాలింది, కోప్పడింది, అలిగింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఓ సాయంత్రం ఆమె ఆయన కుర్చీ ముందున్న బల్లమీద పేపరు పరిచి, బ్యాగులు పోసి, పిన్నులు పీకుతోంది. లోపల పాలు మాడిన వాసనొస్తే పరుగెత్తింది. గిన్నె దించి తిరిగొచ్చేసరికి ఆయన ఎడమచేత్తో ఓ బ్యాగు అదిమిపట్టి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దాని పిన్నుమీదకు తెస్తున్నాడు. వేళ్లు జారిపోయాయి. మళ్లీ తెచ్చాడు. మళ్లీ జారాయి.

ఆమె వెనక్కెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతూ నిలబడింది.

చాలాసేపటికి పిలుపొచ్చింది. "ఇదిగో, ఇలా రా."

పేపరు మీద ఒక్క పిన్ను ఉంది. ఆయన నుదురంతా చెమట.

"పిన్ను ఇలాగా కొట్టడం? కొట్టినవాడికి పని రాదు" అన్నాడు.

మర్నాడు ఆమె చెప్పులు విప్పకముందే "తెచ్చావా?" అని అడిగాడు. ఆ వారం రోజుకు ఐదు తీశాడు. నెల తిరిగేసరికి ఇరవై. ఆఫీసుకు వరసగా మూడు రోజులు సెలవులొచ్చినప్పుడు మాత్రం ఏమీ తోచక ఇల్లంతా సతాయించాడు.

సెలవులయ్యాక ఆ ముచ్చటంతా ఆమె సూపర్‌వైజరుకు చెప్పింది. అతను ఈసారి నవ్వలేదు. మర్నాడు చూస్తే సింకు పక్కన కొత్త బకెట్టు, దానిమీద అతని వంకర అక్షరాలతో "టీ బ్యాగులు ఇందులోనే". కింది మూడు అంతస్తుల్లోవి కూడా తనే మోసుకొచ్చి అందులో పోసేవాడు.

"నీ మేలు మర్చిపోలేను తమ్ముడూ" అంది టీ అక్క.

"నేనేం చేశానక్కా, చెత్త మోశాను" అన్నాడతను, మొహం తిప్పుకుని.

ఆరు నెలలు గడిచాయి. చేతివాచీల్లోని సన్న మరలు ఆయన వేళ్లకు ఇంకా లొంగలేదు, ఇక లొంగకపోవచ్చు కూడా. గోడగడియారాలు మాత్రం ఇంటి దగ్గరే విప్పి బాగుచేస్తున్నాడు. ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొత్తాలు తనే పెట్టుకుని, పూసిన గులాబీ కుండీ ఒకటి ఆమెతో మోయించుకుంటూ ఆఫీసుకొచ్చాడు. టీ వేళకు అందరూ చేరారు.

"నేను మీ టీ అక్క భర్తని. మీరు టీ తాగారు, నా చెయ్యి కదిలింది. మీ అందరికీ దణ్ణం" అని రెండు చేతులూ జోడించాడు. కుడిచెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది.

సగంమందికి సంగతి తెలీదు. సూపర్‌వైజరు చెబుతుంటే కప్పులు పట్టుకుని అలాగే వింటూ నిలబడ్డారు.

"ఇంకొక్క మాట" అన్నాడాయన. "పంచదార కలిపాక బ్యాగు కప్పులో ఉంచకండి. ఇంటినిండా చీమలు."

అందరూ నవ్వేశారు. అందరికంటే ఎక్కువ నవ్వింది టీ అక్కే, కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ.