వరుస మధ్యలో ఆగిన సూది

ఎమ్మిగనూరులో నాగవేణి ఇంటికి పాత చీరల మూటలు పొద్దున్నే వస్తాయి. నీళ్ళు పట్టుకుని పొయ్యి మీద ఎసరు పెట్టేలోపే ఎవరో ఒకరు వాకిట్లో మూట దించి, "మా అత్తవి, బొంత కుట్టియ్యి" అని చెప్పి పోతారు. కొత్త చీరలతో బొంత కుట్టించుకునే తెలివితక్కువవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. కట్టి కట్టి మెత్తబడినవే కావాలి. చీరలను నేలమీద పొరలు పొరలుగా పరిచి, ఈ కొస నుంచి ఆ కొసకు వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ పోవాలి. ఆ పని నాగవేణికి వాళ్ళమ్మ హనుమక్క నేర్పింది. హనుమక్క పోయి తొమ్మిది నెలలైంది.

ఇప్పుడు ఆదోని రోడ్డులో చిన్న అంగడి దొరికింది. శుక్రవారం బోర్డు ఎత్తాలి. బోర్డు మీద నాగవేణి ఫోటో ఉండి తీరాలని మొగుడు లక్ష్మప్ప పట్టుబట్టాడు. ఆటో నడిపేవాడు కదా, ఊళ్ళో బోర్డులన్నీ అతనికి కంఠస్థం.

"పండ్ల డాక్టరు కాడి నుంచి పాల అంగడోని దాకా అందురూ మొగాలు ఏసుకున్నారు. నీ మొగానికేమొచ్చింది? ఆదోనికి పోయి కరీం సాబ్ కాడ ఫోటో దిగిరా" అన్నాడు.

ఫోటో అంటే నాగవేణికి భయమేమీ లేదు. కరీం సాబ్ దగ్గర ఫోటో అంటేనే భయం.

ఆదోని స్టేషన్ రోడ్డులో కరీం సాబ్ స్టూడియో నలభై ఏళ్ళుగా ఉంది. అక్కడ ఫోటో దిగితే, మనతో కలిసి పనిచేసి చనిపోయినవాళ్ళు కూడా ఫోటోలో పడతారు. ఫిలిం పోయి డిజిటల్ కెమెరా వచ్చినా అది మాత్రం మారలేదు. ఊళ్ళో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. ఎవరు పడతారో చూసుకుని, ఏ ఫోటో కావాలో ఎంచుకుంటారు, అంతే. మిఠాయి అంగడి దేవేంద్రప్ప ఎప్పుడూ ఫుల్ ఫోటోనే దిగుతాడు. వెనక వాళ్ళ తాత గరిట పట్టుకుని నిలబడతాడు. ఆ తాత జిలేబీకి ఉన్న పేరు దేవేంద్రప్ప జిలేబీకి ఇంకా రాలేదు మరి. ఇంకో పత్తి వ్యాపారి పాస్‌పోర్టు సైజు దాటడు. కలిసి వ్యాపారం చేసి పోయిన అన్నకు అతను ఏం చేశాడో మార్కెట్ యార్డులో అందరికీ తెలుసు. మొహం తప్ప ఇంకేమీ పట్టని ఫోటోలో అన్నకు చోటుండదు.

నాగవేణి కూడా పాస్‌పోర్టు సైజే అనుకుని బస్సెక్కింది. ఎక్కేముందు లక్ష్మప్ప ఒక సంచి తెచ్చి చేతికిచ్చాడు. "అటక మీద ఉండే బొంతల్లో బాగుండేది సూసి పెట్టినా. నీ పని గూడా పడనీ" అన్నాడు. ఆమె విప్పి చూసుకోలేదు.

కరీం సాబ్ డెబ్బై దాటిన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముందు ఆమె చేతులు చూశాడు, తర్వాత మొహం చూశాడు.

"బ్యాంకుకా అమ్మా, బోర్డుకా?"

"బోర్డుకే సాబ్. బొంతల అంగడి. పాస్‌పోర్టు సైజు తీయండి, సాలు."

"పాస్‌పోర్టు బ్యాంకోళ్ళకి. నువ్వు నువ్వేనా అని తెలిస్తే వాళ్ళకి సాలు. వకీలైతే కుర్చీలో కూసోబెడతా, వెనక పుస్తకాలు పెడతా. డాక్టరైతే నడుము వరకు తీస్తా, నవ్వమంటా. నీ కాడికి వచ్చేటోళ్ళు ఏం తెస్తారు?"

"పాత చీరలు."

"ఎవురివి?"

"శానా మటుకు సచ్చిపోయినోళ్ళవే."

"మరి వాళ్ళమ్మ చీర ఎవురి చేతుల్లో పెడతాండారో వాళ్ళకి కనపడొద్దా? నీ బోర్డు మీద చేతులు పడాల తల్లీ. మొగం తర్వాత."

సరే, నడుము వరకు తీయమంది. చేతుల్లోకి పని తీసుకోమన్నాడు ఆయన. నాగవేణి సంచి విప్పింది. లోపల ఉన్నది చూసి మళ్ళీ మూసేయబోయింది గానీ, చేతికి వేరే పని లేదు. మొగుడు మంచిదని ఏరి పెట్టింది ఆ బొంతే.

పోయిన శ్రావణంలో, ఉరుకుంద జాతరకు పోయేవాళ్ళ బొంతలన్నీ కుట్టి ఇచ్చేశాక, హనుమక్క తన చీరలతోనే కూతురి కోసం ఒకటి మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట ఇద్దరూ చెరో పక్కన ఎదురెదురుగా కూర్చుని, ఎవరి వరుస వాళ్ళు కుడుతున్నారు. వరుస మధ్యలో లేవకూడదన్నది హనుమక్క కట్టడి. లేస్తే దారం వదులై ముడత పడుతుందని, ఆ ముడత కింద పడుకున్నవాళ్ళకు నిద్ర పట్టదని చెప్పేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తను లేవదు, కూతురిని లేవనివ్వదు. ఆ రోజు ఆమే తల ఎత్తకుండా, "నాగా, గుక్కెడు నీళ్ళియ్యే" అంది.

"ఉండుమా, వరుస ముగించి లేస్తా" అంది నాగవేణి.

హనుమక్క మళ్ళీ అడగలేదు. తను పెట్టిన కట్టడే కదా. నాగవేణి వరుస ముగించి, ముడి వేసి, దారం కొరికి, లేచి నీళ్ళు తెచ్చేసరికి అమ్మ తల బొంత మీద వాలి ఉంది. సూది ఇంకా చీరలోనే ఉంది. నీళ్ళ సంగతి నాగవేణి ఎవరికీ చెప్పలేదు, లక్ష్మప్పకు కూడా. బొంతను మడిచి అటక మీద పెట్టేసింది. అప్పటినుంచి రోజూ, నీళ్ళు తాగే ప్రతిసారీ ఆమె గ్లాసు సగంలోనే దించేస్తుంది.

కరీం సాబ్ ఫోటో తీసి కంప్యూటరులో చూపించాడు. నాగవేణి బొంత పట్టుకుని కూర్చుని ఉంది. ఆ బొంత అంచు మీద ఇంకో చెయ్యి ఉంది. చూపుడువేలికి సైకిల్ ట్యూబు కోసి చేసుకున్న రబ్బరు ఉంగరం. సూది గుచ్చుకోకుండా అలాంటిది పెట్టుకునేది ఎమ్మిగనూరులో హనుమక్క ఒక్కతే.

"అమ్మనా?" అన్నాడు కరీం సాబ్.

"ఊ."

"హాఫ్ ఫోటోలో చెయ్యి వరకే పట్టింది. తెగిన చెయ్యి బోర్డు మీద బాగుండదు. వద్దనుకుంటే మళ్ళీ పాస్‌పోర్టే దిక్కు. కావాలనుకుంటే ఫుల్ తీస్తా, ఆమె గూడా సక్కగా పడతాది."

నాగవేణి ఆలోచించింది. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో ఉన్నది ఎవరి మొహమో కూడా తెలియదు. అమ్మ తనవైపు ఎలా చూస్తుందోనని తొమ్మిది నెలలుగా భయపడింది గానీ, ఆ చెయ్యి చూశాక మొహం చూడకుండా పోవడం ఆమె వల్ల కాలేదు.

"ఫుల్లే తీయండి" అంది.

నేల మీద బొంత పరిచి ఒక పక్కన కూర్చుంది. ఎదుటి పక్కన ఎవరూ లేరు. కరీం సాబ్ బల్లమీదికెక్కి పైనుంచి తీశాడు. కంప్యూటరులో మాత్రం ఎదురుగా హనుమక్క కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర, నుదుట చెమట. ఆమె కూతురిని చూడడం లేదు. తల వంచి కుట్టు చూసుకుంటోంది. సూది తొమ్మిది నెలల కిందట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"నన్ను సూడల్యా" అంది నాగవేణి.

"పని మధ్యలో ఉంది కదమ్మా, ఎట్ల సూస్తాది? పని మధ్యలో ఉండేటోళ్ళే వస్తారు. ముగిసినోళ్ళు రారు." కరీం సాబ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మా ఇంటామె కరీమున్నీసా పాత ఫోటోలకు రంగులేసేది. ఒక పెండ్లి ఫోటో సగంలో ఉండంగానే పాయ. నేను ఎప్పుడు దిగినా పక్కన కుంచె పట్టుకుని ఉండేది. నాలుగేండ్లు సూసినా. మెడ నొస్తాదేమో అనిపించేది. ఆ మిగిలిన రంగు నేనే ఏసేసినా. మళ్ళీ రాల్యా. ముందు దిగిన ఫోటోల్లో గూడా ల్యాకుండా పాయ. మంచి చేసినానో, సెడ్డ చేసినానో ఇప్పటికీ నాకు తెలీదు."

కరీం సాబ్ ఫోనుకు పంపిన ఫోటో చూసి లక్ష్మప్ప సంబరపడ్డాడు. "మీయమ్మ చెయ్యంటే ఊరంతటికీ తెలుసు. ఇద్దురూ ఉంటే ఇంక అంగడికి తిరుగుండదు" అన్నాడు. అది నిజమే. నాగవేణి రెండు రోజులు ఫోను పట్టుకుని అమ్మనే చూసింది. ముక్కుపుడక చూసింది. చెవి వెనక తెల్లవెంట్రుకలు చూసింది. పెదాల దగ్గరికి వచ్చేసరికి చూడలేకపోయేది.

గురువారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, కరీం సాబ్ అన్న మాటలతో సహా అంతా మొగుడికి చెప్పేసింది. "ఆ పొద్దు నీళ్ళడిగింది. నేను లేయల్యా."

లక్ష్మప్ప ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "వరుస ముగిస్తే ఫోటోలో ఉండదు కదా?" అన్నాడు.

"ఉండదు."

"మళ్ళీ యాడ సూస్తావు?"

"యాడా సూడను. తొమ్మిది నెలలాయ, దప్పిగ్గొని కూసోనుంది."

లక్ష్మప్ప చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. ఆటో తీయకుండా వాకిట్లోనే కూర్చున్నాడు.

నాగవేణి బొంత పరిచింది. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, అమ్మ కూర్చునే చోటి పక్కన పెట్టింది. అమ్మ రబ్బరు ఉంగరం తీసి వేలికి తొడుక్కుంది. అది ఆమెకు కొంచెం వదులు. సూది తుప్పు పట్టి చీరకు అతుక్కుపోయింది, మెల్లగా లాగితే వచ్చింది. అక్కడినుంచి మొదలుపెట్టి అమ్మలాగే చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ, కొద్దికొద్దిగా జరుగుతూ తన వైపుకు వచ్చింది. మధ్యలో తల ఎత్తలేదు. ఎత్తితే ఆగిపోతానని ఆమెకు తెలుసు. కొసకు వచ్చాక ముడి వేసి దారం కొరికి, అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

గ్లాసులో నీళ్ళు లేవు.

నాగవేణి ఆ గ్లాసును ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఫోను మాత్రం తెరవలేదు.

శుక్రవారం బోర్డు ఎత్తారు. బొంతకు ఒక పక్కన నాగవేణి ఉంది. ఎదుటి పక్కన ఎవరో కూర్చుని లేచినట్టు బొంత కొంచెం నలిగి ఉంది, అంతే. లక్ష్మప్ప ఆ చోటును అరచేత్తో ఒకసారి తుడిచి నిచ్చెన దిగాడు.

మొదటి బేరం దేవనకొండ నుంచి హులిగమ్మ అనే ముసలామె తెచ్చింది. కూతురి చీరలట. మూటను వెంటనే ఇవ్వలేదు. రోడ్డు మీద నిలబడి బోర్డు మీది చేతులను చాలాసేపు చూసి, తర్వాతే లోపలికి వచ్చి నాగవేణి ముందు పెట్టింది. నాగవేణి అప్పుడు వరుస మధ్యలో ఉంది.

"ఎండలో వచ్చినానమ్మా. నీ పని కానీలే, అయినాక రవ్వన్ని నీళ్ళియ్యి" అంది హులిగమ్మ.

నాగవేణి సూది వదిలేసి లేచింది. ఆమె తాగేదాకా పక్కనే నిలబడి, ఇంకో గ్లాసు పోసింది. తిరిగి వచ్చి కూర్చునేసరికి దారం వదులై బొంతకు ముడత పడింది. దాన్ని సరిచేయకుండా అక్కడినుంచే కుట్టుకుంటూ పోయింది.