ఎల్ బోర్డు కారు

శశిభూషణ్ కారు నేర్పుతున్నాడంటే కాలేజీలో పాఠం చెప్పినట్టే ఉండేది. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెబుతున్నవాడు. భార్య ఫణిశ్రీని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, క్లచ్ ప్లేటు బొమ్మ వేలితో గాల్లో గీసి, ఘర్షణ గురించి వివరంగా చెప్పి, అప్పుడుగాని తాళం తిప్పనిచ్చేవాడు కాదు. ఆమె తలూపేది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషికి ఘర్షణ తెలియక కాదు. పాదం కింద క్లచ్ ఎక్కడ అందుకుంటుందో తెలియాలి. దాని గురించి మాత్రం అతను ఏమీ చెప్పేవాడు కాదు.

నేర్చుకుంటానని ఆమె అడగలేదు. కాకినాడలో కంటి డాక్టరు అతన్ని పరీక్ష చేసి, షుగరు రెటీనా దాకా వచ్చేసిందని, ఎడమవైపు చూపు బాగా పోయిందని, ఇక కారు నడపడం మానెయ్యమని చెప్పింది. ఆ రోజు రామచంద్రపురం తిరిగొచ్చి బస్సు దిగేముందు అతను అన్నాడు. "ఈ సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు. నువ్వు నేర్చేసుకో."

ఆమె పేరున నేర్చుకునేవాళ్ల లైసెన్సు, ఎల్ఎల్ఆర్ తీసుకున్నారు. కారుకి ముందూ వెనకా ఎర్ర అక్షరం అతికించారు. సాయంత్రం స్కూలు నుంచి ఆమె రాగానే ద్రాక్షారామం వైపు కాలవగట్టు రోడ్డు మీదికి తీసుకెళ్లేవాడు.

"క్లచ్. క్లచ్. నేను చెప్పేది వినపడుతోందా?"

"వినపడుతోందండి."

"మరి కాలికి వినపడదా?"

కారు ఎక్కిళ్లు పెట్టినట్టు ఊగి ఆగిపోయేది. మళ్లీ న్యూట్రల్, మళ్లీ తాళం. ఇంటికి ఎవరైనా వస్తే అదే కబురు. "మా ఆవిడ ఫస్టు గేర్లోనే వెళ్లి భీమేశ్వరస్వామిని దర్శనం చేసుకొస్తుందండి. సెకండు గేరు ఆయనే వెయ్యాలి." వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. కాఫీ కప్పులు తీస్తూ ఫణిశ్రీ కూడా నవ్వేది.

అయినా రోజులు గడిచేకొద్దీ కాలికి తెలిసొచ్చింది. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట కారు ఒళ్లంతా సన్నగా వణికేది. అక్కడ పాదం నిలిపితే చాలు, కదిలేది. ఓ సాయంత్రం ఎక్కడా ఆగిపోకుండా ద్రాక్షారామం పొలిమేర దాకా నడిపింది. నలభై దాటాక ఒక యంత్రం తన మాట విన్నదని ఆమెకి లోపల్లోపల సంతోషం పొంగింది. పక్కకి చూసింది. శశిభూషణ్ ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కాలవ మీది వంతెన ఎక్కుతుండగా ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వచ్చింది. ఎత్తు మీద ఆపాల్సి వచ్చింది. ట్రాక్టరు వెళ్లాక కదిలించబోతే కారు వెనక్కి జారింది. కంగారుగా బ్రేకు తొక్కింది. ఇంజను ఆగిపోయింది. ఇంకోసారీ అంతే. వెనక ఆటోవాడు హారను మోగించి మోగించి, సందు చేసుకుని ముందుకెళ్లిపోయాడు. ఆటోలోవాళ్లు తలలు బయటపెట్టి, స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్న ఆమెని చూస్తూ పోయారు.

"దిగు," అన్నాడు శశిభూషణ్.

"ఇంకొక్కసారి చూస్తానండి."

"దిగమన్నాను."

"మీ కళ్లు..."

"నా కళ్ల సంగతి నాకు తెలుసు."

సీట్లు మారారు. అతని చేతిలో కారు ఒక్క ఊపున వంతెన ఎక్కి అవతలికి దిగింది. ఎదురెండ. ఎడమ అంచున ఒక మనిషి నెత్తిన బేసిను పెట్టుకుని నడుస్తోంది.

"ఎడమ పక్క మనిషి ఉందండీ," అంది ఫణిశ్రీ.

"ఎక్కడ?" అన్నాడు అతను.

తర్వాత ఆ చప్పుడు. బేసిను రోడ్డు మీద దొర్లింది. చేపలు కాలవగట్టు దాకా చెదిరిపోయాయి.

ఆమె చేపలమ్ముకునే అచ్చాయమ్మ. మిగిలిన సరుకుతో ఇంటికి పోతోంది. ఫణిశ్రీ పరుగున వెళ్లి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. అచ్చాయమ్మ కుడికాలు మోకాలి కింద అడ్డంగా తిరిగిపోయి ఉంది. జనం మూగారు.

"ఎల్ బోర్డు కారండి. నేర్చుకునేది ఎవరు?" అన్నారెవరో వెనక నుంచి.

"మా ఆవిడండి," అన్నాడు శశిభూషణ్. "కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసింది."

"అవునండి, ఇందాక వంతెన మీద మేడంగారే నడుపుతున్నారు. మేం చూశాం," అన్నాడు ముందు ఆగివున్న ఆటోవాడు.

ఫణిశ్రీ తలెత్తింది. అచ్చాయమ్మ నొప్పితో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ముందు ఈమెని ఆసుపత్రికి చేర్చాలి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. ఆ తర్వాత అనేది రాలేదు.

"ఏం చెయ్యమంటావు మరి?" అన్నాడు అతను ఇంటికొచ్చాక. "నడిపింది నేనంటే డాక్టరు చెప్పిందంతా బయటికొస్తుంది. నా కాలేజీలో తల ఎత్తుకోగలనా? నువ్వైతే నేర్చుకుంటోందిలే అని ఊరుకుంటారు."

"ఆమె కాలు విరిగిందండి."

"నేను కావాలని విరగ్గొట్టానా?"

పెద్దమనుషులు కూర్చుని కేసు లేకుండా రాజీ చేశారు. వైద్యం ఖర్చు శశిభూషణ్ పెట్టుకున్నాడు. ఆసుపత్రికి మాత్రం ఫణిశ్రీ ఒక్కతే వెళ్లేది. అచ్చాయమ్మ మొదటి రోజు గోడవైపు తిరిగి పడుకుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఇటు తిరిగింది.

"రానప్పుడు ఎందుకెక్కాలమ్మా కారు? మీకు సరదా. నాకు కాళ్లే కదా ఆధారం."

ఫణిశ్రీ తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

కాలు అతికింది గాని వంకరగా అతికింది. బేసిను నెత్తిన పెట్టుకుని వీధులు తిరగడం ఇక కుదరక అచ్చాయమ్మ చేపల మార్కెట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. శశిభూషణ్ మాత్రం తేరుకున్నాడు. మొదట్లో ఎవరైనా అడిగితేనే ఫణిశ్రీ గుద్దిందని చెప్పేవాడు. తర్వాత అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. రాజమండ్రిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్తే భోజనాల దగ్గర అభినయంతో సహా చెప్పాడు. తను పక్కన కూర్చుని బ్రేకు, బ్రేకు అని ఎలా అరిచాడో, హ్యాండ్‌బ్రేకు లాగి కారుని కాలవలో పడకుండా ఎలా ఆపాడో.

ఆ రాత్రి గదిలో ఫణిశ్రీ అడిగింది. "మనిద్దరమే ఉన్నాం. ఆ రోజు నడిపింది ఎవరండీ?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే కదా."

అబద్ధమాడుతున్న జాడ ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె ఆ మొహంలో వెతికింది. దొరకలేదు.

ఆమె స్కూల్లో ఆటల టీచరు హెలెన్ రోజూ కార్లో వచ్చేది. తన కారు ఇస్తాను, సాయంత్రాలు గ్రౌండులో నేర్చుకోమంది. "మీ వల్ల ఎవరికో దెబ్బ తగిలిందంటగా మేడం, ఆ భయం ఉంటుంది. పర్లేదు," అంది. ఫణిశ్రీ తాళం అందుకుంది. గ్రౌండులో చెయ్యి కుదిరాక ఆ వంతెన మీదికే తీసుకెళ్లమంది. ఎత్తు మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, కారు ఒంట్లో ఆ సన్నని వణుకు కోసం ఆగి, మెల్లగా వదిలింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు. ఎండలు ముదిరేసరికి లైసెన్సు వచ్చింది.

ఆ వేసవిలో అతని చూపు ఇంకా తగ్గింది. కాకినాడకి ఫణిశ్రీయే నడిపింది. దారంతా అతను గేర్లు చెబుతూనే ఉన్నాడు.

"డ్రైవింగ్ మానేశారు కదండీ?" అని అడిగింది డాక్టరు.

"మీరు చెప్పాక ముట్టుకుంటే ఒట్టండి. అంతా ఈవిడే. నేర్చుకునేటప్పుడు పాపం ఒకావిడ కాలు కూడా విరగ్గొట్టింది," అని నవ్వాడు శశిభూషణ్.

"ఆ రోజు నడిపింది ఆయనేనండి," అంది ఫణిశ్రీ. "ఎడమ పక్క మనిషి ఉందని చెప్పాను. ఎక్కడ అని అడిగారు."

డాక్టరు ఇద్దరినీ చూసి, కంప్యూటరు వైపు తిరిగి, "అప్పటికే ఆ వైపు అసలు కనపడేది కాదా అండీ?" అంది. శశిభూషణ్ లేచి తలుపు వైపు నడిచాడు.

బయటికొచ్చాక అతను కారెక్కలేదు. "బస్సులో వస్తాను."

"బోర్డు కనపడదండి మీకు."

"అడుగుతాను." ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఆమె వెనకాలే బస్టాండు దాకా వెళ్లి రోడ్డు మీద ఆపింది. అతను ఒక్కో బస్సు దగ్గరికీ వెళ్లి, మెడ చాచి చూసి, వెనక్కి వస్తున్నాడు. చివరికి పుస్తకాల సంచీతో నిలబడ్డ ఒకమ్మాయిని అడిగాడు. ఆ అమ్మాయి చెయ్యి చూపించింది. అతను ఎక్కేదాకా చూసి ఫణిశ్రీ కారు కదిలించింది.

రామచంద్రపురంలో నేరుగా చేపల మార్కెట్‌కి వెళ్లింది. అంతకుముందు ఆ గేటు లోపల ఎన్నడూ అడుగుపెట్టలేదు. అచ్చాయమ్మ మూలన పీట మీద కాలు చాపుకుని కూర్చుని చేపలు కోస్తోంది.

"ఆ రోజు కారు నడిపింది నేను కాదు అచ్చాయమ్మా. మా ఆయన."

అచ్చాయమ్మ చేతిలో కత్తి ఆగలేదు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు మరి?"

ఫణిశ్రీ కారు తాళం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఎవరైతే ఏంటమ్మా ఇప్పుడు," అంది అచ్చాయమ్మ. "చెప్పుకుని మీరు తేలికపడతారు. నా కాలు తిరిగొచ్చేత్తాదా? తప్పుకోండి, బేరానికి అడ్డు."

ఇంటికొచ్చి వంట చేసింది. అప్పటికి శశిభూషణ్ వచ్చాడు. ఆమె వైపు చూడకుండా హాల్లో కూర్చుని తునిలో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు.

"ఏం చెప్పమంటావు అక్కా. కళ్లు కనపడనివాణ్ణి కాకినాడ బస్టాండులో వదిలేసి, తనొక్కతే కార్లో చక్కా వచ్చేసింది."

అవతల ఆవిడ చాలాసేపు ఏదో అంది. అతను "అదే కదా, అదే కదా," అంటూ విన్నాడు. ఫణిశ్రీ తన ఒక్కదానికే కంచం పెట్టుకుని, అన్నం వడ్డించుకుని, తినడం మొదలుపెట్టింది.