ఆళ్లగడ్డ దగ్గర లేని గేజి

పరంజ్యోతికి చెప్పకుండా నంద్యాల నుంచి చాగలమర్రి దాకా పెద్దకాలువలో చుక్క నీరు కదలదు. ఈ మాట అన్నది పరంజ్యోతే. ఆ పొద్దున టేబుల్ మీది కూజా ఒలికి తన ప్యాంటు తడిసిన సంగతి మాత్రం అటెండరు జయమ్మ పకపకా నవ్వితేగాని అతనికి తెలియలేదు.

ఎనభై మూడులో అతని పని రోజూ ఒకటే. నంద్యాల కాలువ కచేరీలో ఫోను పక్కన కూర్చుని, అంకెలు చెక్కిన గేజి రాళ్ల దగ్గర కాలువ కాపలా లస్కర్లు చూసి చెప్పిన నీటి ఎత్తుల్ని నల్లబల్ల మీద రాయడం. ఆళ్లగడ్డ దగ్గరి రాయి వరదకు కొట్టుకుపోయింది. కొత్తది పాతమంటే పైవాళ్లు రేపు మాపు అన్నారు. పరంజ్యోతి ఆగుతాడా? పై గేజి దాటిన నీళ్లలోంచి దారిలో తూములకు పోయేది తీసేశాడు, నేల తాగేదీ తీసేశాడు. మిగిలింది ఎంత ఎత్తు నిలవాలో లెక్కకట్టి, ఆళ్లగడ్డ గడిలో ఎర్రసుద్దతో వేశాడు. రాయి లేకున్నా రీడింగు వచ్చేసింది.

మర్నాటి నుంచి అక్కడ, రాయి పోయిన చోట, ఉత్త గాలి మీద లకుముకి పిట్ట వాలసాగింది. ఊరివాళ్లు ఎనుముల్ని ఆ గాలికే కట్టేసి బీడీ ముట్టించుకునేవాళ్లు. "పాతదాని కన్నా ఇదే గట్టిగుంది" అనుకున్నారు, అంతే.

ఆ కాలువ చివర లూదియా కౌలు వరి పొట్టకొచ్చింది. ఆ వారం తడి అందకుంటే అంతా తాలే. ఆమె బస్సెక్కి నేరుగా కచేరీకొచ్చింది.

"ఏం నాయనా, నీ బల్ల మీద నడుములోతు నీళ్లుండాయంట. ఆడ నా కాలి బొటనేలు గూడా తడవల్యా."

"బయలుదేరినాయి పెద్దమ్మా. దారిలో ఎవురో పిల్చి కూర్చోబెట్టుకున్యారు."

"నవ్వులాటగుందా నీకు? పైన ఇంజన్లు పెట్టి తోడుకుంటాండారు. మా సండేస్కూలు పిల్లోళ్లకు గూడా తెల్సు."

కచేరీ పెద్ద ఇంజనీరు, డీఈ గురవయ్యకూ తెలుసు. ఆ ఇంజన్లు ఎవరివో ఇంకా బాగా తెలుసు. గదిలోంచి బయటికొచ్చి అన్నాడు: "పరంజ్యోతీ, నేల తాగేది పెంచి రాయి. బల్లా కాలువా ఒకటైపోతాయి."

"ఎంత పెంచమంటారు సార్?"

"నీళ్లు సున్నా అయ్యేదాకా."

"అంత తాగితే నేలకు కడుపుబ్బదా సార్?"

"మారుస్తావా, డోన్‌కు బదిలీ రాయమంటావా?"

"డోన్‌లో కాలువే లేదు కదా సార్."

"అందుకే."

లూదియా కొంగు నడుముకు దోపుకుంది. పరంజ్యోతి సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "బదిలీ రాసుకోండి సార్. అంకె మాత్రం మార్చను. నీళ్లు లేవంటే మీరే వచ్చి గేజి చూడండి."

"లేని గేజిని చూసేదేంది!" అంటూనే డీఈ జీపు తీయించాడు. వాళ్లిద్దర్నీ వెనక ఎక్కించుకున్నాడు.

ఆళ్లగడ్డ దగ్గర ఎండిన కాలువలోకి బూట్లతోనే దిగాడు. "ఏవయ్యా నీళ్లు?" అని గేజి చోటికి నడిచాడు. మోకాళ్ల దగ్గర ప్యాంటు రంగు మారింది. ఇంకో అడుగుకు నడుము దాకా తడిసి ఒంటికి అతుక్కుంది. జేబులో ఏదో కొట్టుకుంటే తీశాడు. చేపపిల్ల. బూట్ల కింద నేల మాత్రం నెర్రెలిచ్చే ఉంది.

గట్టు మీద ఊరు ఊరంతా చేరింది. "ఎడమకు పోవద్దు సార్, ఆడ గుంతుంది" అంది లూదియా. తర్వాత గొంతు పెంచింది. "నీళ్లుండాయని నీ ప్యాంటే చెప్తాంది. ఉంటే నా తూముకెందుకు రాల్యా? పద, పైకి పోయి అడుగుదాం."

కారుతున్న బట్టలతో నీళ్లు లేవని ఎవరనగలరు? డీఈ ముందు, ఆమె వెనక, ఆమె వెనక ఊరంతా గట్టెంట నడిచారు. పొద్దు వాలేలోగా ఇంజన్లు ఆగాయి. తెల్లారేసరికి కంటికి కనబడే నీళ్లు లూదియా తూములోకి మళ్లాయి. వరి నిలబడింది.

లూదియా కాలువలో నడుములోతున నిలబడి, గట్టు మీది పరంజ్యోతిని పిలిచింది. "దిగప్పా, నీ లెక్క నీళ్లే! ఒక్క మునకేసి పో."

అందరూ అతన్నే చూశారు. పరంజ్యోతి ఆకాశం చూశాడు, వాచీ చూశాడు. చివరికి చెవులు ఎర్రబడగా అన్నాడు:

"నాకు నీళ్లంటే బయ్యం పెద్దమ్మా. ఇంట్లో తలస్నానానికి గూడా మా యమ్మ చెయ్యి పట్టుకోవల్ల."