గొంతు దిగిన గుక్క

పద్నాలుగేళ్లుగా టీ కంపెనీలో రుచి చూడటమే నా పని. గుక్కెడు పీల్చాలి, నాలుక మీద తిప్పాలి, పక్కనున్న ఇత్తడి డబ్బాలో ఉమ్మాలి. మింగితే ఉద్యోగం ఊడినట్టే. ఇన్నేళ్లలో ఒక్క చుక్క నా గొంతు దిగలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు మహా పొగరు.

సోమవారం పొద్దున్నే మా బావమరిది తన కొట్లోంచి ఓ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బావా, ఇదేదో ఊలాంగ్ అంట. గ్రీన్ టీకీ మామూలు టీకీ మధ్యరకం. ఇంత చవగ్గా ఇస్తానన్నా ఒక్కడూ కొనట్లేదు. బాగుందో లేదో చెప్పి పుణ్యం కట్టుకో."

"ఆ ధరకి గడ్డి కూడా రాదురా," అన్నాను. అన్నవాణ్ణి ఊరుకోవచ్చుగా! ఆఫీసుకు పట్టుకెళ్లి మిగతా కప్పుల వరసలో పెట్టాను. ఉండ చుట్టుకున్న ఆకు వేడినీళ్లలో మెల్లగా విచ్చుకుంది. పీల్చాను. వేయించిన గింజల వాసన, ఆ వెనకే పూల వాసన, చివర్లో పండిన పండు తీపి. ఉమ్ముదామని డబ్బా మీదికి వంగాను. నోట్లో ఏమీ లేదు!

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. పక్క బల్ల ఆయన అప్పటికే మా పెద్దాయన గదిలోకి పరుగెత్తాడు.

పెద్దాయన మా అందరికీ పై అధికారి. ఆయన తన నోటితో "నువ్వు పనికిరావు" అంటేనే ఉద్యోగం పోయినట్టు. కాగితాలు చెల్లవు. అందరినీ వరసగా నిలబెట్టి, ఆ పొట్లం మా బావమరిది కొట్లోదని నాచేత చెప్పించి, "తప్పు గొంతుదా, టీదా తేల్చాలి," అని ఆయన ఓ గుక్క పీల్చారు.

అంతే. ఉమ్మలేదు, మింగలేదు. బుగ్గలు ఉబ్బించి కళ్లు మూసుకున్నారు.

మధ్యాహ్నమైంది. క్యారేజీ మూత తీయకుండా పక్కన పెట్టేశారు. ఫోనొస్తే "ఊఁ" అన్నారు. మంగళవారం అవే బుగ్గలతో వచ్చి సంతకాలు పెట్టారు. నన్ను చూసి వేలెత్తుతారు, నోరు తెరవలేక దించేస్తారు. ఇంట్లో మా ఆవిడ నన్ను కాల్చుకు తింది. "ఉందా, ఊడిందా? అదైనా చెప్పండి!" ఏం చెప్పను, నా బొంద!

బుధవారం సాయంత్రం నాకు ఒళ్లు మండింది. తిన్నగా ఆయన గదిలోకి వెళ్లాను.

"అయ్యా, ఉంచితే ఉంచండి, తీసేస్తే తీసేయండి. ఈ నరకం నావల్ల కాదు!"

ఆయన నన్ను చూశారు. గుమ్మంలో గుమిగూడిన వాళ్లందరినీ చూశారు. గుటుక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది.

"నువ్వు పనికిరావు," అన్నారు. కుర్చీకి తగిలించిన కోటు తీసుకున్నారు. "నేనూ పనికిరాను. ఆ కొట్టు ఎన్నింటిదాకా తెరిచుంటుందోయ్?"